గుంటలో పాచి

పడవకూ ఒడ్డుకూ మధ్య చెయ్యి నలిగాక మా నాన్న ఇక వల లాగలేకపోయాడు. పులికాట్ ఒడ్డున వల తప్ప వేరే బతుకు ఎరగని ఊరు మాది. అరవైల మొదట్లో, నాయుడుపేట నుంచి వచ్చే చేపల శాఖ ఉద్యోగి ఒకాయన, ఉప్పునీటి గుంటలో పాలబొంత చేపలు పెంచుకోమన్నాడు. నేర్పడానికి జావా దేశపు మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. రెండు సర్కార్లూ ఒకరి పని ఒకరికి నేర్పుకుందామని అనుకున్నాయట. చేపను పెంచడమేమిటని ఊరంతా నవ్వింది. నాన్నకు నవ్వే తీరిక లేదు.

జావా ఆయన లుంగీ ఎగగట్టి నాన్నతోపాటు బురదలో దిగాడు. గుంట ఎండగట్టి, పేడ చల్లించి, పల్చగా నీళ్లు పెట్టించాడు. కొన్నాళ్లకు అడుగంతా పచ్చగా పాచి పట్టింది. కాలవల్లో పట్టిన చేపపిల్లలు కుండల్లో సిద్ధంగా ఉన్నాయి. వాటిని వదిలే రోజు నెల్లూరు నుంచి పెద్ద ఆఫీసరు వస్తాడని కబురొచ్చింది.

ఎవరైనా వస్తున్నారంటే మా అమ్మ చీపురు పట్టకుండా ఉండలేకపోయేది. ఆ పొద్దున నాన్న చేపపిల్లల కుండల దగ్గర ఉండగా, ఇల్లూ వాకిలీ అయ్యాక గుంట మీద పడింది. వీధిలో ఆడవాళ్లను పోగేసి, పాచంతా గోకి తట్టలతో గట్టున పోయించింది. ఎంత శుభ్రమో చెప్పలేను.

ఉద్యోగి వచ్చి చూసి తల పట్టుకున్నాడు. ఆ పాచే చేపపిల్లల తిండి. మళ్ళీ పెరిగేదాకా కుండల్లో పిల్లలు బతకవు. నాన్న గట్టున కూలబడ్డాడు. అమ్మ ముఖంలో నెత్తురుచుక్క లేదు.

జావా ఆయన గట్టు మీది పాచిని చేత్తో పట్టి చూశాడు. అమ్మ వైపు తిరిగి నవ్వి ఏదో అన్నాడు. ఉద్యోగి దాన్ని మాకు తెలుగులో చెప్పాడు.

"వాళ్లమ్మ గూడా చుట్టాలొస్తే ఇట్నే ఊడ్చేస్తాదంటక్కా. పాచికి ఇంకా తడారలేదంట. మళ్ళా పరిస్తే బతుకుతాదంట."

మొదటి తట్ట ఆయనే నెత్తికెత్తుకున్నాడు. ఆఫీసరు జీపు వచ్చేసరికి అందరం బురదలోనే ఉన్నాం.

పాచి మళ్ళీ పట్టింది, పిల్లలూ బతికాయి. చేపలు చేతికొచ్చేసరికి జావా ఆయన తన దేశం వెళ్లిపోయాడు. మళ్ళీ చూడలేదు. ఆ రోజు ఆయన ఒక్క మాట కసిరినా అమ్మ బతికినన్నాళ్లూ కుమిలిపోయేది. అందుకే ఆయన్ను తలుచుకుంటే ఈనాటికీ చేతులు జోడిస్తాను. నాన్న ఆ గుంట మీదే మమ్మల్ని పెంచాడు.

తర్వాత ఏ కొత్త కోడలు గుంట గట్టుకు వచ్చినా, అమ్మ ముందుగా పాచి చూపించేది.

"దాన్ని ముట్టుకోబాకమ్మా. అది మా కూడు."