డిస్కో బహుమతికి రెండో ఎంట్రీ

ఆ రోజుల్లో నాకు సిగ్గు తక్కువ, జుట్టు ఎక్కువ. ఇప్పుడు రెండూ తారుమారయ్యాయి కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. ఇంగ్లండ్‌లోని స్లౌ ఊళ్ళో మాస్టర్స్ చదివేటప్పుడు మా తెలుగు సంఘం పాటల పోటీలో ‘ఉత్తమ డిస్కో రికార్డింగ్’ అనే బహుమతి పెట్టించింది నేనే. శాస్త్రీయంలో, లలితంలో నాకెలాగూ బహుమతి రాదు. (డిస్కోలో శ్రుతి ఎవరు చూస్తారని నా ధీమా.) ఒక పేపర్ తప్పాను. ఆ కబురు కంటే ముందు కప్పుతో దిగిన ఫోటో ఇంటికి చేరాలి. అందుకని ఫ్లాట్ వంటింట్లో కుక్కర్ మూత వాయిస్తూ పాడి, మొదటి ఎంట్రీ నేనే ఇచ్చుకున్నాను. ఇంకెవరూ ఇవ్వలేదు. “రెండు ఎంట్రీలన్నా లేకపోతే ఆ కేటగిరీ తీసేస్తాం బాబూ” అన్నారు సెక్రటరీ ఆంటీ.

మర్నాడు ఎంట్రీల డబ్బాలో ‘డిస్కో’ అని మాత్రం రాసి, పేరు లేని పాత క్యాసెట్ కనిపించింది. బతికిపోయాననుకున్నాను. పాటలు ముందుగా విని సిద్ధం చేసే పనీ నాదే. తాళాల అంకుల్ (కమ్యూనిటీ హాలు తాళాలు ఆయన దగ్గరుండేవి, అసలు పేరు మాకెవరికీ తెలియదు) తలుపు తీసి, నా చేతిలో క్యాసెట్‌ను ఓసారి చూసి వెళ్ళిపోయారు. నవంబరు కదా, నాలుగింటికే కిటికీల్లో చీకటి. టేప్‌రికార్డర్ నొక్కాను. ఒకావిడ హుషారుగా డిస్కో పాట పాడుతోంది. దరువు వెనక ఎక్కడో తలుపు కిర్రుమంది. ఆ కిర్రు నాకు తెలుసు, నా వెనకున్న తలుపుదే. తిరిగి చూస్తే అది మూసే ఉంది. పాటయ్యాక ఆవిడ నా చెవి పక్కనే ఉన్నట్టు “మంచిగున్నదా?” అని అడిగింది. తర్వాత ఉత్త గరగర, ఎవరో జవాబు కోసం కాచుకున్నట్టు. “బా... బాగుందండీ” అన్నాను. (దయ్యమైనా సరే, పెద్దవాళ్ళను అండీ అనకపోతే ఎలా?) భ్రమేమోనని మళ్ళీ వేశాను. అదే ప్రశ్న, అదే గరగర. కోటు అక్కడే వదిలేసి స్టేషన్ దాకా పరుగెత్తాను.

పోటీ రోజున ముందుగా నా పాట వేశారు. పిల్లలు చెవులు మూసుకున్నారు. తర్వాత క్యాసెట్ వేశాను. చివర్లో ఆవిడ ప్రశ్న వినబడగానే, వేదిక మీంచి ఎవరేమడిగినా ఊరుకోలేని మనవాళ్ళంతా ఒక్క గొంతుతో “మంచిగుందమ్మా!” అని అరిచారు. చప్పట్లు ఆగాక స్పీకర్లోంచి చిన్న నవ్వు వినిపించింది. నేను రెండుసార్లు విన్నప్పుడు అది లేదు.

వెనక తలుపు దగ్గర తాళాల అంకుల్ కుర్చీలో కూలబడి ఏడుస్తున్నారు. “మా ఇంటామె, బిడ్డా. ఈ హాల్లనే పాడింది. మంచిగున్నదా అని అడిగితే నేను మాట్లాడలే, టేపు తిరుగుతాంటే సామాన్లు సర్దుకున్న. ఆమె పోయేదాక జవాబు ఇయ్యనే లేదు.”

“మరి ఆ నవ్వు, అంకుల్?”

“ఆమె నవ్వే. గానీ ఆ నవ్వు టేపుల లేకుండె.”

కప్పు ఆయనకే వచ్చింది. మా ఇంటికి పేపర్ తప్పిన కబురొక్కటే వెళ్ళింది. మరుసటేడు ఒక్క ఎంట్రీ కూడా రాక డిస్కో బహుమతి తీసేశారు. ఇప్పుడు మా ఆవిడ వంటింట్లో కూనిరాగం తీసి “బాగుందా?” అంటే, ఆఫీసు కాల్‌ను మ్యూట్ చేసి మరీ బాగుందంటాను. “వినకుండానే చెప్పేస్తారు” అని విసుక్కుంటుంది. విసుక్కోనీ. నా కుక్కర్ మూత పాట గురించి మాత్రం ‘బాగుందా’ అని ఇంతవరకూ ఎవరినీ అడగలేదు.