గోడకు అవతలి వైపు

ఆమదాలవలసలో మా ఇల్లు వాలు నేల మీద ఉంటుంది. ముందు రోడ్డు, వెనక పల్లంలో సందు. సందు వైపు తలుపు తీస్తే సెల్లార్. కట్టినప్పుడు ధాన్యం బస్తాలు వేసుకుందామని కట్టించాం. లారీ ప్రమాదంలో మా ఆయన మోకాలు పోయాక ఆ గదే ఆయన ఇల్లయిపోయింది. పైకి రావాలంటే మెట్లెక్కాలి, ఆయన ఎక్కలేడు. చుట్టుపక్కల రైతులు కాలిపోయిన మోటార్లు ఆటోల్లో సందులోకి తెస్తే, కూర్చున్న చోటే వైండింగ్ చేసి ఇస్తాడు. ఆయన మంచం, బల్ల, రాగి తీగ చుట్టలు అన్నీ అక్కడే.

ఆ గదికి ఉన్న రోగమల్లా తూర్పు గోడ. పక్కింటివాళ్లు మట్టి పోయించి తమ స్థలాన్ని రోడ్డు ఎత్తుకు మెరక చేసుకున్నప్పుడు ఆ గోడ నిలువునా మట్టిలో కూరుకుపోయింది. వానలు మొదలైతే చాలు, లోపలి వైపు చెమటలు పట్టేది. సున్నం పొక్కులు లేచి రాలేది, దుప్పట్లు ముక్కిపోయిన వాసన వేసేవి. ఆయనకు దగ్గు పట్టుకుంది. ఈ తడి గదిలోంచి మార్చకపోతే ఊపిరితిత్తులు దక్కవని శ్రీకాకుళంలో డాక్టరు తేల్చి చెప్పాడు. ఎక్కడికి మార్చను, నెత్తి మీద పెట్టుకోనా? డాక్టరు మీద ఒళ్లు మండింది గానీ, పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు.

ముందు లోపలి నుంచే గోడకు చెమ్మ ఆపే మందులు రకరకాలవి పూయించాం. డబ్బా మీద బొమ్మ చూసి కొన్నదొకటి, షాపువాడు ఒట్టేసి చెప్పినదొకటి. ఏదీ ఒక్క వానాకాలం ఆగలేదు. పూత వెనక నీళ్లు చేరి ఆ పూతనే పెచ్చులు పెచ్చులుగా తోసేశాయి. నీళ్లు బయటి నుంచి వస్తున్నాయి కాబట్టి బయటే ఆపాలని, గోడ వెంబడి పునాది దాకా తవ్వి, కడిగి, గచ్చు చేసి, తారు పూసి, అడుగున పైపు వేసి కంకర పోయాలని మేస్త్రీ అన్నాడు. అంతా బాగానే ఉంది. మా గోడకు బయట అంటే పక్కింటి పిన్ని పెరడు.

పిన్ని అంటే వరసకేమీ కాదు, పిలుపుకే. భయపడుతూ వెళ్లి అడిగితే మారు మాట లేకుండా సరేనంది. గోడ వారన ఉన్న కనకాంబరం మొక్కలు తనే పెకలించి ఇంకోచోట నాటుకుంది. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే. పెరటి మూల మా గోడకు ఆనించి ఒక చిన్న రాయి ఉంది. పిన్ని కూతురు పురిటికి వచ్చి ఆ ఇంట్లోనే పోయింది. ముత్తైదువగా పోయిన ఆడపిల్లను మా వైపు పేరంటాలుగా నిలుపుకుని కొలుచుకుంటారు. ఆ రాయికి పిన్ని రోజూ నీళ్లు పోసి, పసుపు రాసి, శుక్రవారం గాజులు పెడుతుంది.

“గోడంతా తవ్వుకోండమ్మా. ఆ మూల మాత్రం ఒగ్గీండి. నా పిల్ల ఉన్నాది అక్కడ,” అంది.

మూల వదిలేస్తే చేసిన పనంతా దండగేనని మేస్త్రీ గొణిగాడు. నా నోరు మంచిదని ఈ వీధిలో ఎవరూ అనరు. అయినా ఆ పసుపు రాయి ముందు నిలబడి సరేననేశాను. కిందికి వచ్చి మా ఆయన మీద విసుక్కున్నాను, ఆయన్నైతే ఎంతైనా అనొచ్చు కదా. ఆయన తీగ చుట్టడం ఆపకుండానే అన్నాడు: “ఊరుకోవే. నాకు మందులున్నాయి. ఆ రాయి లేపోతే ఆవిడికి ఏటున్నాది?”

తవ్వారు, పూశారు, కంకర పోసి పూడ్చారు. తలుపంత వెడల్పున ఆ మూల అలాగే ఉండిపోయింది, సందులోకి పోవాల్సిన పైపు అక్కడే ఆగిపోయింది. తొలకరి వానలకు గోడ పొడిగా ఉంటే పిచ్చిదానిలా పొద్దస్తమానం చేత్తో తడిమి చూసుకున్నాను. ఆ తర్వాత వాయుగుండం పట్టింది. ఇంక ఎటూ దారి లేని నీళ్లన్నీ ఆ మూలకే చేరాయి. ఇదివరకు చెమ్మే, ఇప్పుడు ధార. బల్ల కిందికి పారి, ఆయన చుట్టి పెట్టిన మోటారు తడిసిపోయింది. ఆయన గుడ్డలు పరిచాడు. నాకు ఏడుపొచ్చింది. ఇంత చేసి నీళ్లకు మేమే దారి చూపించినట్టయింది.

పిన్నిని కిందికి తీసుకొచ్చి చూపించాలనుకున్నాను. కళ్లారా చూస్తే తనే రాయి జరపమంటుంది. ఏం చెప్పాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. వాన తెరిపిచ్చాక సందు గుండా తిప్పి చెయ్యి పట్టుకుని దించాను. ఆవిడ మా సెల్లార్‌లోకి రావడం అదే మొదలు. మంచం వైపు గానీ, నేల మీది నీళ్ల వైపు గానీ చూడలేదు. నేరుగా మూలకు పోయి, కారుతున్న గోడకు అరచెయ్యి ఆనించింది.

“ఇది దాని ఎనకాలేనా?”

అవునన్నాను.

“అయితే నా పిల్ల ఇన్నాళ్లూ నీటిలోనే ఉన్నాదేటమ్మా?”

ఆవిడ పైట చెంగుతో గోడ తుడవడం మొదలుపెట్టింది. తుడిచిన చోటే మళ్లీ తడి. ఆపమనడం ఎలాగో నాకు తెలియలేదు, తుడవనివ్వడం ఎలాగో తెలియలేదు. మా ఆయనే మంచం మీది నుంచి అన్నాడు: “అదేటీ లేదు అత్తా. వానాకాలం కదా. ఎండ కాస్తే ఆరిపోతాది.”

పిన్ని ఆయన్ని చూసింది. నమ్మిందో లేదో తెలియదు. తలూపి, పైట పిండుకుని, గోడ పట్టుకుంటూ సందులోకి నడిచింది. ఆవిడ తన గేటు మూసిన చప్పుడు విన్నాకే ఆయన దగ్గడం మొదలుపెట్టాడు.