ముగ్గులో ఎక్కువైన ఇల్లు

మొన్న కాలేజీ సెలవులకు వచ్చిన మనవరాలు నా ముందు పెద్ద చార్టు పరిచి, చేతికి స్కెచ్ పెన్ను ఇచ్చి, నేను పుట్టి పెరిగిన గల్లీని గీయమంది. వాళ్ల చదువులో మనుషులను ఊరికే ప్రశ్నలు అడగరట, బొమ్మలు గీయించి వాటిలోంచి సమాజాన్ని తెలుసుకుంటారట. నిన్నగాక మొన్న కనిపెట్టిన విద్యలా చెబుతుంటే నాకు నవ్వొచ్చింది. పెన్ను పట్టుకుని ముందుగా చుక్కలు పెట్టాను. "చుక్కలెందుకు అమ్మమ్మా, ఇండ్లు గియ్యి" అంది. చుక్కలు లేకుండా ఇళ్లెలా వస్తాయి? నేతవాళ్లుండే కొత్తవాడలో మా గల్లీని మొదటిసారి బొమ్మగా వేసింది చుక్కల మీదే. వేయించింది మా మేనమామ.

మామ అంటే అమ్మకు తమ్ముడు. డెబ్భైల చివర్లో మా ఇంట్లో ఉండి సమాజశాస్త్రం ఎమ్మే చదివేవాడు. బావ ఇంట్లో తిండి, బావ గల్లీ మీదే పరిశోధన అని మా నాయన ఎగతాళి చేసేవాడు. పట్టా చేతికి రావాలంటే నేత కుటుంబాల మీద ఒక నివేదిక రాయాలి. మొదట ప్రశ్నల కాగితాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. జంపఖానాలు నేసే చేతులు ఆగవు, మగ్గం చప్పుడులో ప్రశ్న సగం వినబడదు, ఏమడిగినా "మాకేం ఫికర్ లేదు పిలగా, అంత మంచిగనే ఉన్నది" అనే జవాబు. ఆ కాగితాలను నమ్మితే మా గల్లీ అంత సుఖమైన చోటు భూమ్మీద లేదు. మాటల్లో చెప్పనిది బొమ్మల్లో చెబుతారు, గీయించమని వాళ్ల సారు సలహా ఇచ్చాడట. మామ చార్టులు, రంగులు కొని ఆడవాళ్లకు పంచాడు. వారం తిరిగేసరికి రంగులు పిల్లల మొహాల మీద, చార్టులు వంటింటి గూళ్లలో పప్పు డబ్బాల కింద కనిపించాయి.

చివరికి దారి చూపింది మా మేనత్త, నాయన చెల్లెలు. అత్త భర్త భీవండికి మరమగ్గాల పనికి పోయి అక్కడే ఇంకో కాపురం పెట్టుకున్నాడు. అప్పటినుంచి ఆమె మా ఇంట్లోనే. నడిమింట్లో ఒక మూల ఆమె పెట్టె, చాప. నాయనతో సమానంగా నేయగలిగినా తనదని ఒక మగ్గం లేదు, అందరి మగ్గాలకూ నూలు కండెలు చుట్టిపెట్టేది. గల్లీ చివర మేము మగ్గానికెక్కించే ముందు పడుగు నూలు సాగదీసుకునే ఖాళీ జాగ మాదే. అక్కడ తనకో చిన్న ఇల్లు, అందులో ఒక మగ్గం కావాలని అత్త కోరిక. ఎప్పుడడిగినా నాయన "చూద్దాం తియ్" అనేవాడు. మనసు లేక కాదు, చెల్లెలిని వెళ్లగొట్టాడని గల్లీ అంతా అంటుందని భయం.

"కాయితం మీద మాకేడొస్తది పిలగా? ముగ్గయితే ఏస్తం" అంది అత్త. మామకు ప్రాణం లేచొచ్చింది. ఒక పొద్దున ఆడవాళ్లంతా పేడనీళ్ల సాన్పి చల్లి, చుక్కలు పెట్టి, మా ఇంటి ముందు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా గల్లీనే ముగ్గుగా వేయడం మొదలుపెట్టారు. మామ ఎవరిదో కెమెరా అడిగి తెచ్చుకుని, పైనుంచి ఫోటో తీయడానికి మా పెంకుల కప్పెక్కాడు. ఎవరింటిని వాళ్లు పోసి, గడపకు ఎర్రటి జాజు దిద్దారు. మాటల్లేని ఇద్దరు తోడికోడళ్లు తమ ఇళ్ల మధ్య గీతను ఒకరి తర్వాత ఒకరు లావు చేస్తూ పోయారు. ప్రశ్నల కాగితాలకు చిక్కని ఈ సంగతి కళ్లారా చూసి మామ ఉబ్బిపోయాడు. అంతలో చిక్కొచ్చింది. మా ఖాళీ జాగ ఉన్న వరుసలో ఒక ఇల్లు తక్కువ. ఒక పక్క బోసిగా ఉంటే అది ముగ్గెలా అవుతుంది? అత్త కాసేపు చూసి, పిడికెడు ముగ్గు తీసుకుని ఆ ఖాళీలో ఒక ఇల్లు పోసేసింది.

"వదినే, ఆడ ఇల్లు లేదు గదా!" అని కప్పు మీద నుంచి మామ కేక పెట్టాడు.

"లేకుంటే ఏంది? ముగ్గుల జత ఉండాలె" అన్నారు ఆడవాళ్లు.

కంగారులో మామ ముందుకు జరిగాడు. పెంకులు పటపటా విరిగి ఒక కాలు లోపలికి దిగబడింది. కింద వంటింట్లో ఉన్న అమ్మకు పప్పు గిన్నె పైన తమ్ముడి పాదం దర్శనమిచ్చింది. అయినా మామ కెమెరా వదల్లేదు, సారు చెప్పిన పద్ధతీ వదల్లేదు. ఆ కాలు అలా వేలాడుతుండగానే, "సరే, మరి ఆ ఇంట్ల ఎవలుంటరు?" అని అడిగాడు.

అత్త తలెత్తలేదు. ఆ ఇంటి గడపకు జాజు దిద్దుతూ ఉంది. ఎదురింటి అవ్వ ఉండబట్టలేకపోయింది. "ఇంకెవలు, మీ వదినె. ఇన్నేండ్ల సంది మా అందరికి కండెలు చుట్టింది. ఆమెకో ఇల్లుంటే మాకేమన్న కడుపుమంటనా?"

సరిగ్గా అప్పుడే నాయన జంపఖానాల మూట భుజానేసుకుని చేనేత సొసైటీకి బయల్దేరి, గడపలో నిలబడిపోయాడు. ముగ్గు తొక్కి పోయే ధైర్యం మా గల్లీలో ఏ మగవాడికీ లేదు. వెనక్కి పోదామంటే పెంకు ముక్కలు, బామ్మర్ది కాలు, అమ్మ తిట్లు. కదలడానికి దారిలేక ముగ్గునే చూస్తూ నిలుచున్నాడు. అవ్వ మాట విన్నాడని మొహం చూస్తేనే తెలుస్తోంది. మూట భుజం మార్చుకుని, "ఆ ఇంటి తలుపు ఎటు దిక్కు పెట్టినవ్?" అని అత్తను అడిగాడు.

"గల్లీ దిక్కే అన్నా, అందరి లెక్క."

"అటు మోరీ ఉన్నది. వానొస్తే నీళ్లన్నీ ఇంట్లకే. తూర్పుకు పెట్టు."

అత్త కొంగుతో ఆ తలుపు తుడిచి, తూర్పుకు తిప్పి పోసింది. ముగ్గు వంకరైంది. జత కుదరకపోతే అన్నం సహించని ఆ ఆడవాళ్లలో ఒక్కరూ ఆ మాట అనలేదు. ఆ పొద్దు అత్త మొహంలో ఉన్న సంతోషాన్ని నేను తర్వాత ఏ పెళ్లిలోనూ చూడలేదు.

ఫోటో చూసిన సారుకు అనుమానమొచ్చి, ప్రశ్నల కాగితాల లెక్కలో లేని ఇంటి సంగతేమిటో తేల్చుకోవడానికి స్వయంగా వచ్చాడు. ఆయన వచ్చేసరికి గోడలు నడుమెత్తు లేచాయి, తలుపు తూర్పుకే ఉంది. ఫోటోను, గోడలను మార్చి మార్చి చూసి, అత్త ఇచ్చిన చాయ్ తాగి వెళ్లిపోయాడు. మామకు పట్టా వచ్చింది. పెంకుల సంగతి మాత్రం నాయన బతికున్నన్నాళ్లూ ఎత్తిపొడుస్తూనే ఉన్నాడు.

ఇప్పుడు అత్త లేదు. ఆమె ఇరవై ఏళ్లకు పైగా సొంత మగ్గం మీద నేసుకుంటూ బతికిన ఆ ఇల్లూ లేదు, అక్కడ ఎవరిదో మేడ లేచింది. ఇవేవీ చెప్పకుండా చార్టు మీద ఆ ఇల్లు గీసి, తలుపు తూర్పుకు పెట్టాను. "ఇదొక్కటే వంకరగున్నదేంది అమ్మమ్మా?" అంది మనవరాలు. అదొక్కటే సరిగ్గా ఉందన్నాను. వేసిన ముగ్గును తొక్కకూడదని మా గల్లీలో పసిపిల్లలకు కూడా తెలుసు. కాలానికి మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు.