రాకెట్టును "యాడికి" అని అడిగిన ఓబులేసు

ఈ సాయంత్రం ఏడుగురు మనుషులతో అమెరికావాళ్ళ రాకెట్టు అంతరిక్షానికి పోవడం టీవీలో చూశాను. మునుపు పోయినవాళ్ళు తిరిగొస్తూ ఆకాశంలోనే బుగ్గైపోయారు కనుక, ప్రాణం అరచేతిలో పెట్టుకొనే చూశాను. లెక్కింపు ఆఖరి నిమిషాల్లో పక్కింటి ఓబులేసు వచ్చి, "యాడికి పోతాండారన్నా వీళ్ళు?" అన్నాడు.

శెనక్కాయలు వలుస్తున్న మా ఆవిడ ఉలిక్కిపడింది. "ఏమప్పా, బయలుదేరేటోళ్ళను యాడికని అడుగుతారా? దూరమా అనల్ల గానీ!"

"యాడికి" అని అడిగితే పోయే పని చెడుతుందని, మా బత్తలపల్లెలో తాడిపత్రికి పోయేవాడైనా వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, నీళ్ళు తాగి గానీ కదలడు. రాకెట్టు ఎక్కినవాళ్ళను దించేదెట్లా? ఆవిడ చెంబుతో నీళ్ళు తెచ్చి ఓబులేసు చేతికిచ్చింది.

"వాళ్ళ బదులు నువ్వే కూసోని తాగు. చుక్క మిగలగూడదు."

తాగాడు పాపం, చుక్క మిగలకుండా. రాకెట్టు నిప్పులు కక్కుతూ లేచి, క్షేమంగా పైకి చేరిందని టీవీలో చెప్పాకే ముగ్గురం ఊపిరి పీల్చుకున్నాం.

ఎక్కడో చదివాను, రేపు నక్షత్రాల దాకా పోయే ఓడల్లో తాత ఎక్కితే మనవడు దిగుతాడట. గడప దాటేటప్పుడు ఆ తాత "పోయొస్తా" అంటే అబద్ధం, "పోతా" అంటే అపశకునం. మరేమనాలో మీకు తోస్తే చెప్పండి.