వైన్ ఎక్కించడమైనది

"మేడం, మన వైన్స్ మాస్టారు పోయాడంట." మా బడిలో అటెండరుగా చేసి రిటైరైన మనిషి పోయిన సోమవారం పొద్దున ఫోన్ చేసి చెప్పిన మాట ఇది. గుండెనొప్పి వచ్చిందట, నరసరావుపేట తీసుకెళ్లే దారిలోనే అయిపోయిందట. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. "లెక్కల మాస్టారు అనలేవా?" అన్నాను. "నోటికి అలవాటైపోయింది, ఏమనుకోమాకండి" అన్నాడు.

జీవితంలో చుక్క ముట్టని మనిషి ఆయన. గ్యాస్ పడదని సోడా కూడా తాగేవాడు కాదు. అలాంటివాడికి బ్రాందీ షాపు పేరు తగిలించి, చచ్చాక కూడా దాంతోనే పిలుస్తున్నారు. ఆ పేరు రావడంలో నా చెయ్యి ఉంది. అందుకే ఇది నేనే రాయాలి.

పిడుగురాళ్లకి కాస్త ఎడంగా ఉన్న ఒక హైస్కూల్లో ఆయన లెక్కలు చెప్పేవాడు, నేను తెలుగు. ఎక్కడో వాడేసిన కంప్యూటర్లు పదకొండు మా బడికి వచ్చాయి. సున్నపు బట్టీల దుమ్ము కీబోర్డుల్లో చేరి తెల్లగా పేరుకునేది. మాస్టారి చొక్కా జేబులో పెన్ను పక్కనే స్క్రూడ్రైవరు ఉండేది. మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కోగానే, గోడలకి రంగులేసే బ్రష్షు ఒకటి పట్టుకుని మిషన్లు విప్పి దులిపేవాడు. "పాతదని పారేయటం చేతగానోడి పని మేడం" అనేవాడు.

వాటిలో ఉన్న విండోస్‌కి వైరస్ పట్టి, ఒక్కో మిషను తెరుచుకోవడానికి సగం పీరియడ్ పట్టేది. ఆయన దాన్ని తీసేసి లైనక్స్ వేశాడు. ఊరికే దొరుకుతుంది, పాత మిషన్ల మీద కూడా చకచకా నడుస్తుంది. చిక్కల్లా ఒక్కటే. పదో తరగతి పిల్లల కోసం పై ఆఫీసు పంపిన పాఠాల సీడీ విండోస్ కోసం తయారుచేసింది. లైనక్స్‌లో పెడితే ఉలకదు, పలకదు.

దానికి ఆయన కనిపెట్టి తెచ్చిన ప్రోగ్రాం పేరు వైన్. విండోస్ కోసం రాసినవాటిని లైనక్స్ మీద నడిపిస్తుంది. అదెలా సాధ్యమండీ అని అడిగాను.

"కొత్త కోడలు వచ్చిందనుకోండి మేడం. ఉప్పు డబ్బా, పోపుల పెట్టె పుట్టింట్లో ఏ అరలో ఉండేయో ఇక్కడా ఆ అరలోనే పెట్టి ఉంచామనుకోండి. చెయ్యి చాపంగానే అందుద్ది. ఇల్లు మారిందనేదే ఆ పిల్లకి తెలవదు. వైన్ చేసే పని అదే."

సీడీ నడిచింది గానీ తెలుగు చెదిరిపోయింది. అక్షరం ఒకచోట, ఒత్తు ఒకచోట. ఫాంట్లు వెతికి తెచ్చి, ఒక్కొక్కటీ వేసి చూస్తూ రెండు వారాలు కూర్చున్నాడు. మధ్యమధ్య నన్ను పిలిచేవాడు. "లక్ష్మికి మకారం ఒత్తు పడిందేమో సూడండి, నా కళ్లకి అన్నీ ఒకటే." నేను తప్పు చూపించేదాన్ని, ఆయన సరిచేసేవాడు. ఒక శుక్రవారం పాఠం మొత్తం తప్పు లేకుండా వచ్చింది. ఆ పూట ఇంటర్వెల్ గంట కొట్టినా పిల్లలు లేవలేదు. "పోండిరా, పోయి నీళ్లు తాగి రండి" అంటూ గుమ్మంలో నిలబడి నవ్వుతూనే ఉన్నాడు. నా తెలుగు పాఠం కోసం పిల్లలు నీళ్లు మానుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ సంతోషం ఆయన పెట్టిన భిక్ష.

తర్వాత స్టాక్ రిజిస్టరులో నమోదు చెయ్యాలి. నా దస్తూరి బాగుంటుందని నన్ను రాయమన్నాడు. 'పదకొండు సిస్టముల్లో వైన్ ఇన్‌స్టాల్ చేశాను' అని చెప్పాడు. తెలుగు టీచర్ని కదా, పౌరుషం వచ్చింది. చక్కటి మాట మనకుండగా ఇన్‌స్టాల్ ఎందుకని, 'పదకొండింటిలో వైన్ ఎక్కించడమైనది. విద్యార్థులు మిక్కిలి ఉత్సాహముగా నున్నారు' అని రాశాను. ఆయన చదివి, మీ తెలుగే తెలుగని మెచ్చుకుని సంతకం పెట్టాడు. ఇద్దరిలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

నెల తిరక్కుండా తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. ఆ రోజు మాస్టారికి గురజాలలో పరీక్షల డ్యూటీ, నేను సెలవులో ఉన్నాను. రిజిస్టరు చదివి, "వైన్ ఎక్కించటమేంది?" అని మా హెడ్మాస్టరుని నిలదీశాడట. హెడ్మాస్టరుకి అంతా తెలుసు. వారం ముందు కంప్యూటర్ల గదిలోనే కూర్చుని పాఠం చూసి, బాగుందయ్యా అని మాస్టారి భుజం తట్టాడు. అలాంటి మనిషి అధికారి ముందు "నాకు తెలవదండీ, ఆయన్నే అడగాలి" అన్నాడు. పది రోజుల్లో మెమో వచ్చింది. బడి ఆవరణలో మద్యం ఉంచి విద్యార్థులను చెడగొట్టినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. కంప్యూటర్ల గదికి తాళం పడింది, ఊళ్లో ఆయనకి వైన్స్ మాస్టారని పేరు పడింది.

మాస్టారు నాలుగు పేజీల జవాబు రాశాడు. ఆ రాత నాదని నేనూ రాసిచ్చాను. పై ఆఫీసులో చదివి నవ్వుకున్నారు, అర్థమైందన్నారు. అర్థమైనట్టు కాగితం మీద మాత్రం పెట్టలేదు. నా కడుపు మండేది ఇక్కడే. మనిషిని తాగుబోతని రాయడానికి చేతులాడాయి, కాదని రాయడానికి చేతులు రాలేదు.

రిటైరయ్యేదాకా ఆఫీసుల చుట్టూ తిరిగాడు. "వేరే ఏం వద్దు మేడం. మెమో వాపసు తీసుకున్నామని ఒక్క ముక్క చాలు" అనేవాడు. అడిగిన చోటల్లా, అందరూ మర్చిపోయారు కదా మాస్టారూ, మళ్లీ తవ్వుకోవడం దేనికి అన్నారు. ఊరంతా వైన్స్ మాస్టారు అని పిలుస్తుంటే ఎవరు మర్చిపోయినట్టు? గది తాళం తీసేసరికి రెండు వానాకాలాలు గడిచాయి. బల్లలకి చెదలు, మిషన్లకి తుప్పు. నేను క్షమించమని అడిగితే ఒక్కటే మాట అన్నాడు. "మీరు రాసింది తప్పు కాదు మేడం. చదివినోడు నన్ను అడగకపోవటం తప్పు."

మొన్న ఆదివారం బడిలో సంతాప సభ పెట్టారు. అప్పటి హెడ్మాస్టరు కూడా వచ్చాడు. మైకు అందుకుని, "మనోడు బళ్లో వైన్ పోసిన ఘనుడు" అని మొదలుపెట్టి సభని నవ్వించాడు. మాస్టారి భార్య ముందు వరసలో తల వంచుకుని కూర్చుంది. నేను లేవబోతుండగానే వెనక నుంచి ఒక అమ్మాయి లేచింది. ఆ పదకొండు మిషన్ల దగ్గర నేర్చుకున్న పిల్లే. ఇప్పుడు సున్నపురాయి లారీలు తూచే కాటా దగ్గర పనిచేస్తోంది.

"మా కాటా ప్రోగ్రాం పాత విండోస్‌ది సార్. మిషన్ మార్చి లైనక్స్ పెట్టినప్పుడు ఇంక నడవదన్నారు. మాస్టారు చెప్పిన వైన్ వేసి నేనే నడిపించా. చానా లారీలు తూగుతన్నాయి దాని మీద. ఎవరికీ మత్తెక్కలా."

హెడ్మాస్టరు మైకు పక్కన పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. నేను వెళ్లి సంతాప తీర్మానం పుస్తకం అడిగి తీసుకున్నాను. 'తీరని లోటు' అని అప్పటికే రాసిపెట్టారు. దాని కింద, ఈసారి ఒక్కో మాటా చూసుకుని రాశాను. 'వైన్ అనేది కంప్యూటర్ ప్రోగ్రాం. మాస్టారు బడిలోకి మద్యం తేలేదు. ఆయనకిచ్చిన మెమో అబద్ధం. ఆనాడే ఈ సంగతి తెలిసిన మేము సంతకం చేస్తున్నాము.' కింద నా పేరు, హెడ్మాస్టరు పేరు. నేను సంతకం పెట్టి, పుస్తకం ఆయన ఒళ్లో ఉంచి పెన్ను ఇచ్చాను.

ఆయన చాలాసేపు చదివాడు. "నేను రిటైరయ్యాను కదమ్మా. నా సంతకం ఎక్కడ చెల్లుద్ది?"

"చెల్లకపోయినా పర్లేదు, పెట్టండి."

కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పెన్ను మూత పెట్టి పుస్తకం తిరిగిచ్చాడు. మాస్టారి భార్య చెయ్యి చాపి అందుకుంది. హెడ్మాస్టరు పేరు పక్కనున్న ఖాళీని వేలితో ఒకసారి తడిమి, కాటా అమ్మాయికి అందించింది. ఆ అమ్మాయి, తర్వాత మిగతా పాత పిల్లలు, ఒకరి తర్వాత ఒకరు సంతకాలు చేశారు. పేజీ నిండిపోయింది. ఆ ఒక్కచోటు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.