మొదటివాళ్ల వలకు వేసిన ఏడు కళ్లు

నేను చదివింది మా పల్లె బడిలో ఐదో తరగతి. అయినా పదేళ్లకే సొంతంగా వల అల్లాను. మచిలీపట్నం వైపు పడవలవాళ్లు నా ఇంటికొచ్చి వలలు బాగుచేయించుకునేవారు. ముగ్గురు పిల్లల్ని చదివించాను. అమెరికా వచ్చాక ప్లేనోలో మా తెలుగు చర్చికి పదకొండేళ్లుగా పెద్దను. ఈ సత్యానందాన్ని ‘తెలియనివాడు’ అన్న మనిషి మొన్నటిదాకా లేడు.

మా అమ్మాయి ఫెబీ టెక్సాస్ దక్షిణపు కొసన ఒక చిన్న రేవు ఊళ్లో నర్సు. ప్లేనో నుంచి తొమ్మిది గంటల డ్రైవ్. ఎప్పుడో ఓడ దిగి ఆ ఊరు కట్టిన మొదటివాళ్ల పేరున అక్కడో మ్యూజియం ఉంది. దాని హాల్లోనే ఐదు తెలుగు కుటుంబాలు ఆదివారం ఆరాధన చేసుకుంటాయి.

నేను వెళ్లిన ఆదివారం ఆ గోడమీద మొదటివాళ్ల వల చూశాను. నడుమ జానెడు చిరుగు. మా పల్లెలో చిరిగిన వల గోడకెక్కిందంటే ఆ ఇంటి మనిషి సముద్రంలో పోయాడని అర్థం. ఆరాధన చేసే గోడమీద దాన్ని అలా వదలబుద్ధి కాలేదు. వల అల్లే సూది, నూలు నా జేబులో ఎప్పుడూ ఉంటాయి. పాటలయ్యేలోగా ఏడు వలకళ్లు వేసి చిరుగు మూసేశాను.

మ్యూజియం సెక్రటరీ చూసి తెల్లబోయింది. ఆ చిరుగు తొలి తుఫానులో పడిందట, జనం వచ్చేది దాన్ని చూడటానికేనట. తెలియక పాడుచేశానని సంతకం పెడితేనే హాలు ఇస్తానంది.

“నాన్నా, ఒక్క సైన్. మాకిక్కడ వేరే ప్లేస్ లేదు,” అంది ఫెబీ.

“విప్పమంటే విప్పుతా. పాడుచేశానని మాత్రం రాయను.”

“నీకేం, మండే ప్లేనో వెళ్లిపోతావు. రోడ్డున పడేది మేము.”

ఆ మాట తగిలింది. సోమవారం వెళ్లలేదు. రేవుకు పోయి, రొయ్యల పడవలున్న ఒక ముసలాయన షెడ్డులో కూర్చుని ఐదు రోజులు ఆయన వలలు బాగుచేశాను. కూలి ఇవ్వబోతే వద్దన్నాను, ఆదివారాలు షెడ్డు అడిగాను. ఇస్తానన్నాడు.

ఆదివారం ఐదు కుటుంబాలూ రొయ్యల వాసనలోనే పాటలు పాడాయి. తర్వాత సెక్రటరీ ఇచ్చిన కాగితం తీసి, అందులో అచ్చేసిన మాటలన్నీ కొట్టేసి, తెలుగులో రాశాను: చిరిగిన వల బాగుచేశాను. సంతకం పెట్టాను. దాని కిందే ఫెబీ అదే ఇంగ్లీషులో రాసింది, ఒక్క మాట తగ్గించకుండా.