బుచ్చిరాములుకు భయం పోయింది

భయం పోయిందని ఏడ్చిన మనిషిని నా జన్మలో ఒక్కణ్నే చూశాను. అతని పేరు బుచ్చిరాములు. శ్రీరాంపూర్‌లో బొగ్గుబాయి కార్మికుడు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టి, బోల్టులు బిగించే పని ఇరవై ఎనిమిదేళ్లుగా చేస్తున్నాడు.

నాది అదే బాయి మీద ల్యాంపు రూమ్. లోపలికి దిగేవాళ్లకు టోపీ లైట్లు ఇస్తాను, పైకి వచ్చినవాళ్ల దగ్గర తీసుకుంటాను. కిటికీలోంచి చేతులు చూస్తే చాలు, ఎవడు తాగి వచ్చాడో, ఎవడు ఇంట్లో తగువు పడి వచ్చాడో చెప్పేస్తాను. బుచ్చిరాములు చేతులు నెమ్మదైనవి. లైటు తీసుకుని, ఒకసారి వెలిగించి చూసుకుని, మారుమాట లేకుండా పోయేవాడు.

రెండేళ్ల కిందట అతనికి మూరెడు దూరంలో పైకప్పు కూలింది. పక్కన పనిచేస్తున్న మల్లేష్ కాలు నలిగింది. బుచ్చిరాములుకు గీత కూడా పడలేదు. అదృష్టవంతుడన్నారు అందరూ. నెల తిరగకముందే ఆ అదృష్టవంతుడి చేతిలో లైటు నిలవడం మానేసింది. బాయి మూతి దాకా వచ్చి, చెమటలు కక్కి, వెనక్కి తిరిగేవాడు. ఇంటికి పోయి గోడవైపు తిరిగి పడుకునేవాడు. "పెద్దమనిషీ, నీ సద్ది డబ్బా మాకిచ్చి నువ్వు ఇంటికి పోరాదే" అని తోటివాళ్లు ఆటపట్టించేవాళ్లు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా కాలనీల్లో తండ్రి రోగం కొడుక్కి ఆస్తి. ఈ మనిషి బాయి పనికి పనికిరాడని మెడికల్ బోర్డు అన్‌ఫిట్ రాసిస్తే, కొడుక్కి ఉద్యోగం వస్తుంది. అందుకే తండ్రికి గుండెనొప్పి వచ్చిన ఇంట్లో సగం దిగులు, సగం ఆశ. చెప్పుకోవడానికి సిగ్గుచేటే, కానీ ఉన్నమాట.

బుచ్చిరాములు కొడుకు రంజిత్ డిగ్రీ చదివి, మంచిర్యాలలో ఒక బట్టల షాపులో పొద్దంతా నిలబడి చీరలు విప్పి చూపిస్తున్నాడు. తండ్రి బదులు వచ్చే ఆ ఉద్యోగానికి వయసు దాటడానికి ఇంకో ఏడాదే ఉంది. తల్లి శంకరవ్వ భర్త వణుకు చూసి మొదట ఏడ్చింది, తర్వాత బోర్డుకు దరఖాస్తు పెట్టించింది.

బోర్డు డాక్టర్లు ఒళ్లంతా పరీక్షించారు. ఒంట్లో రోగం లేదు, మనసుకు పట్టిన భయమే ఉంది, ఆర్నెల్లు కౌన్సెలింగ్ తీసుకుని మళ్లీ రమ్మన్నారు.

కౌన్సెలింగ్ చేసే అమ్మాయి మమతారాణి. మంచి పిల్ల, ఆమెను ఒక్క మాట అనను. బుచ్చిరాములు చేతిలో ఒక నోటుబుక్కు పెట్టింది. భయం వచ్చినప్పుడు మనసులో ఏ మాట మెదిలిందో రాయాలి. అది నిజమనడానికి రుజువేంటి, కాదనడానికి రుజువేంటి, పక్కపక్కనే రాయాలి. భయం నూటికి ఎంతో అంకె వేయాలి. "ఇప్పుడే పట్టుకుంటే మంచిది కాకా. వదిలేస్తే గీ భయమే దిగులైతది, మనిషిని మంచంల పడేస్తది" అని చెప్పిందట. ఆ తర్వాత ఒక్కొక్క అడుగు. మొదట ల్యాంపు రూమ్ దాకా వచ్చి నిలబడాలి. తర్వాత లైటు పెట్టుకోవాలి. తర్వాత బాయి మూతి దగ్గర కూర్చుని, భయం దానంతటదే దిగేదాకా లేవకూడదు. ఆ తర్వాతే లోపలికి పది అడుగులు.

బుచ్చిరాములు ఇదంతా డ్యూటీ హాజరు వేసే మస్టర్ లాంటిదే అనుకున్నాడు. నాగా లేకుండా మస్టర్లు నిండితే కంపెనీ అడిగింది ఇస్తుంది. అతనికి తెలిసిన న్యాయం అదొక్కటే. కౌన్సెలింగ్‌కు ఒక్కరోజు తప్పకుండా పోయి చెప్పినవన్నీ చేస్తే, పద్ధతైన మనిషని మెచ్చి బోర్డు అన్‌ఫిట్ రాసిస్తుందని నమ్మాడు. నన్ను అడిగాడు కూడా.

"మేడం చెప్పినట్టు చేస్తే మంచిదేనా అన్నా?"

"ఒక్కటి ఇడువకుండ చెయ్యి రాములూ. పెద్దసార్లకు నీ మీద మంచిగ అనిపిస్తది" అన్నాను.

ఆ సలహా ఇచ్చినందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటున్నాను.

పని సగం చేసి వదిలే అలవాటు అతనికి లేదు. తొంభైతో మొదలైన భయం డెబ్బైకి దిగింది, నలభైకి దిగింది. అయిదో నెలలో పూర్తి షిఫ్టు చేసి పైకి వచ్చి, లైటు కిటికీలో పెట్టాడు. చెయ్యి వణకలేదు.

"అన్నా, ఇయ్యాల భయం యాదికే రాలే" అని నవ్వాడు. అతను నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో. నేనూ నవ్వాను. అంతలోనే ఇద్దరికీ సంగతి తట్టింది. అతని ముఖం పాలిపోయింది.

"మరి పోరని నౌకరి?" అన్నాడు. కిటికీ అంచు పట్టుకుని, వెనక మనుషులు వరసలో నిలబడి ఉండగానే ఏడ్చాడు.

బోర్డు ముందు ఎలా వణకాలో శంకరవ్వ వారం రోజులు నేర్పింది. పాపం, అతనూ నేర్చుకున్నాడు. తీరా అక్కడ పెద్ద డాక్టర్ భుజం మీద చెయ్యి వేసి, "భయం తగ్గిందా?" అని ఆప్యాయంగా అడిగేసరికి, "తగ్గింది సార్" అనేశాడు. నోటుబుక్కులో అంకెలూ అదే చెప్పాయి. ఫిట్ అని రాసిచ్చి, శభాష్ అని చెయ్యి కలిపి పంపించారు.

"గోడ దిక్కు తిరిగి పండుకున్నప్పుడే నయముంటివి" అంది శంకరవ్వ.

రంజిత్ ఆ మాత్రం కూడా అనలేదు. తండ్రి డ్యూటీకి పోయాక లేస్తాడు, తండ్రి వచ్చేలోపు తినేసి షాపుకు పోతాడు. మార్చిలో అతని వయసు గడువు దాటిపోయింది. ఆరోజు తండ్రి ఎదురుపడి ఏదో చెప్పబోతే, "నీకు మంచిగైంది గద బాపూ, గది చాలు" అని పక్కనుంచి పోయాడట. ఆ పిల్లాణ్ని తిట్టాలనిపించింది నాకు. కానీ ఏమని తిట్టను?

బుచ్చిరాములు మళ్లీ మమతారాణి దగ్గరికి పోయాడు. 'నా కొడుకు బతుకు నేనే ఖరాబు చేసిన' అని నోటుబుక్కులో రాసి చూపించాడు. "ఇది నీ ఆలోచనే కాకా. దీనికి రుజువేంది?" అందామె. అతను జేబులోంచి బోర్డు కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. కాదనడానికి రుజువు రాసే చోట ఇద్దరికీ ఏమీ దొరకలేదు. వచ్చేవారం మాట్లాడుకుందామని ఆమె కళ్లు తుడుచుకుంది. అతను మళ్లీ పోలేదు.

ఇప్పుడు ఆదివారం కూడా డ్యూటీ అడిగి మరీ చేస్తాడు. లైటు తిరిగి ఇచ్చేవాళ్లలో అందరికంటే ఆఖరు. మొన్న ఒకరోజు ఇల్లు గుర్తు లేదా అని కసిరాను.

"బాయిల మంచిగనే ఉంటున్న అన్నా. క్వార్టర్ కాడికి పోతేనే కాళ్లు వణుకుతున్నయి. వాకిట్ల పోరని చెప్పులు కనవడితే లోపటికి పోబుద్ది కాదు."

"గా మేడంకు చెప్పరాదు? దీనికి గూడ ఏదో ఉపాయం చెప్తది."

"చెప్తది. చేస్తే తగ్గుతది గూడ, నాకెరుకే." నడుముకున్న బెల్టు విప్పి, లైటు నా చేతిలో పెట్టాడు. "గందుకే పోతలేను. గిది గూడ పోయిందంటే, పోరని ముఖం చూసుకుంట నిమ్మళంగ అన్నం తింట. గట్ల తినద్దు అన్నా."